బీరువాలో రికార్డు వద్దు, గోడ మీద రిపోర్టు కావాలి



ఈ గోడపత్రికలో కవితలు వస్తాయి, పొడుపుకథలు వస్తాయి, కార్టూన్లు వస్తాయి. క్రికెట్ స్కోరు కూడా రాస్తాం. కానీ మనం లాబ్‌లో చేసిన ప్రయోగం గురించి ఒక్క ముక్క కూడా ఉండదు. ఉండాలని నా అభిప్రాయం. గోడ మీదే కాదు, మన కంప్యూటర్ గదిలోంచి ఇంటర్నెట్టులో కూడా పెట్టాలి. వేరే ఊరి పిల్లలు చదవాలి. ఎందుకో చెప్తాను. ఒప్పుకోనివాళ్ళు వచ్చే సంచికలో జవాబు రాయండి, నేను సంతోషిస్తాను.

ముందు, లాబ్ రికార్డు ఎలా బతుకుతుందో చూద్దాం. ఉద్దేశం, పరికరాలు, పద్ధతి, పరిశీలన, ఫలితం అని అయిదు శీర్షికలు రాస్తాం. కుడిపక్క పేజీలో రాత, ఎడమపక్క తెల్లకాగితం మీద పెన్సిల్ బొమ్మ. అట్ట వేస్తాం. సార్ సంతకం పెడతారు. ఆ తర్వాత అది బీరువాలోకి వెళుతుంది. ఏడాది చివర్లో పాతకాగితాల వాడి తక్కెట్లోకి వెళుతుంది. మొత్తం మీద దాన్ని చదివినది ఒక్కరు, అదీ ఒక్క నిమిషం. సార్‌ని తప్పుపట్టడం లేదు. ఒక్క మనిషి అన్ని పుస్తకాలు చూడాలంటే అంతకన్నా ఏం చేయగలరు?

కానీ దీనివల్ల ఒక చెడ్డ అలవాటు వస్తుంది. చదివేవాళ్ళు లేరని తెలిసినప్పుడు, రాసేవాళ్ళు సంతకం కోసమే రాస్తారు. లాబ్‌లో ఏం వచ్చింది అని కాదు, ఏం వస్తే సంతకం పడుతుంది అని చూసుకుంటారు. పుస్తకంలో ఉన్న జవాబు ముందే తెలుసు కదా! అది వేసేస్తే పని అయిపోతుంది. ఇది ఒక్క బడి సంగతి కాదు. ఏ బడిలోనైనా ఇరవై రికార్డులు తెరిచి చూడండి, ఇరవైలోనూ ఒకే అంకె ఉంటుంది.

రెండు ఉదాహరణలు చెప్తాను.

మొదటిది నీళ్ళు కాగడం. నీటి మరుగుస్థానం ఎంత అంటే ఒకటో బెంచీ నుంచి ఆఖరి బెంచీ దాకా అందరూ "వంద డిగ్రీలు సార్" అంటారు. పుస్తకంలో ఉన్నది తప్పు కాదు. అయితే ఆ వంద సముద్రమట్టం దగ్గరి మాట. మనం సముద్రం ఒడ్డున లేం. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. పైకి వెళ్ళేకొద్దీ మన మీదుండే గాలి తగ్గుతుంది, గాలి పీడనం తగ్గుతుంది. పీడనం తగ్గితే నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. సుమారుగా ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ తగ్గుతుందని లెక్క. అంటే మన కొండల్లో నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే తెర్లుతాయి. ఇంకెంత మంట పెట్టినా థర్మామీటర్ పైకి కదలదు. లడఖ్‌లోని లేహ్ పట్టణం 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ 88 దగ్గరే మరుగుతాయి. భద్రాచలం గోదావరి ఒడ్డున పల్లంలో ఉంది కాబట్టి అక్కడ దాదాపు వంద వస్తుంది.

ఇప్పుడు చెప్పండి. ఇక్కడ థర్మామీటర్ 97 చూపిస్తే, రికార్డులో 100 అని రాయడం ఒప్పా తప్పా? సంతకానికి అది ఒప్పే. కానీ ఆ మూడు డిగ్రీల తేడాలోనే మన కొండ ఎత్తు ఉంది, మన గాలి బరువు ఉంది. కిందనున్న ఊళ్ళకంటే ఇక్కడ మూతలేని గుండిగలో పప్పు ఉడకడానికి కొంచెం ఎక్కువసేపు ఎందుకు పడుతుందో ఆ తేడాలోనే ఉంది. 100 అని రాసేస్తే అదంతా రబ్బరు పెట్టి చెరిపేసినట్టే.

అలాగని 97 వచ్చింది కాబట్టి ఎత్తు వల్లే అని వెంటనే అనెయ్యకూడదు. థర్మామీటరే తప్పు చూపిస్తూ ఉండొచ్చు. దాన్ని కరుగుతున్న మంచుముక్కల్లో పెట్టి సున్నా చూపిస్తోందో లేదో చూడాలి. దాని బుడ్డి గిన్నె అడుగుకు తగిలిందా లేదా చూడాలి. నీళ్ళలో ఉప్పు ఏమైనా కలిసిందా చూడాలి. ఇవన్నీ రిపోర్టులో రాయాలి. "ఇలా చూశాం, ఇలా వచ్చింది, మా అనుమానం ఇది" అని రాస్తే అది సైన్సు.

రెండోది లఘులోలకం. దారానికి గుండు కట్టి ఊపి, జి విలువ కనుక్కునే ప్రయోగం. దారం కట్టిన చోటు నుంచి గుండు మధ్య వరకు సరిగ్గా ఒక మీటరు పెట్టామనుకోండి. 20 డోలనాలకు స్టాప్‌వాచ్‌లో 40.0 సెకన్లు వస్తే జి విలువ 9.87 వస్తుంది. 40.2 సెకన్లు వస్తే 9.77. 40.4 వస్తే 9.68. అంటే బొటనవేలు 0.2 సెకన్లు ముందో వెనకో నొక్కితే చాలు, జవాబు 0.1 మారిపోతుంది. మనిషి వేలు అంత తేడా చేయకుండా ఉండదు. మరి క్లాసులో అందరికీ 9.8 ఎలా వస్తుంది? అలా వచ్చిందంటే లోలకం ఊగలేదు, పెన్ను ఊగింది అని అర్థం! నిజంగా చేసిన క్లాసులో ఒకరికి 9.6, ఒకరికి 9.9, ఒకరికి 9.77 రావాలి. అవన్నీ ఒకచోట రాసి సగటు తీస్తే అప్పుడు తెలుస్తుంది కొలత అంటే ఏమిటో.

ఇది పిల్లల జబ్బే అనుకోవద్దు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకీ వచ్చింది. అమెరికాలో మిలికాన్ అనే ఆయన నూనె చుక్కలతో ఎలక్ట్రాను ఆవేశం కొలిచాడు. దానికీ, కాంతి విద్యుత్తు మీద చేసిన పనికీ కలిపి 1923లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. అయితే గాలి చిక్కదనం విషయంలో ఆయన వాడిన అంకె కొంచెం తేడాగా ఉండడం వల్ల, జవాబు కూడా కొంచెం తక్కువ వచ్చింది. తర్వాత కొలిచినవాళ్ళు సరైన అంకెకి ఒక్కసారే చేరలేదు. ఒకరు కొంచెం ఎక్కువ, ఆ తర్వాతివాళ్ళు ఇంకొంచెం ఎక్కువ, ఇలా మెల్లగా ఎక్కారు. ఎందుకంటే మిలికాన్ చెప్పినదానికి బాగా దూరంగా వస్తే, తమదే తప్పని కారణాలు వెతుక్కున్నారు. దగ్గరగా వస్తే వెతకలేదు. ఈ సంగతిని ఫైన్‌మన్ అనే శాస్త్రవేత్త 1974లో కాల్టెక్ విద్యార్థులకి పట్టాలిచ్చే సభలో చెప్పాడు. పుస్తకం అంకెకి భయపడితే నోబెల్ బహుమతి అంకె అయినా దారి తప్పిస్తుందన్నమాట.

మరి ఈ జబ్బుకి మందేమిటి? నలుగురూ చదవడమే మందు అని నేనంటాను. రిపోర్టు అనేది వంట రాసిచ్చినట్టు ఉండాలి. ఇంకొకరు అది చదివి, మనం పక్కన లేకుండానే, అదే ప్రయోగం చేయగలగాలి. ఎన్ని నీళ్ళు, ఏ గిన్నె, ఏ తారీకు, ఎన్ని గంటలకి, ఎన్నిసార్లు, ప్రతిసారీ ఎంత వచ్చింది అన్నీ ఉండాలి. వాళ్ళకి వేరే అంకె వస్తే మనల్ని అడుగుతారు. అడుగుతారని తెలిస్తే మనం లేనిది రాయం. సంతకం కోసం రాయడానికీ, తోటివాడి కోసం రాయడానికీ తేడా అదే.

"ఇదంతా శాస్త్రవేత్తల పని, హాస్టల్ పిల్లల రిపోర్టు ఎవరు చదువుతారేటి?" అని ఎవరైనా అనొచ్చు. వాళ్ళ కోసం ఇద్దరి కథ చెప్తాను, రెండూ జరిగినవే.

ఇంగ్లండులో డెవన్ అనే జిల్లాలో బ్లాకాటన్ అని చిన్న పల్లెటూరు. అక్కడి ప్రాథమిక పాఠశాలలో 8 నుంచి 10 ఏళ్ళ లోపు పిల్లలు 25 మంది కలిసి బంబుల్‌బీ అనే బొద్దు తేనెటీగల మీద ప్రయోగం చేశారు. తేనెటీగ రంగును మాత్రమే గుర్తుపెట్టుకుంటుందా, రంగులు ఏ వరసలో అమర్చారో కూడా చూసుకుని తీపినీళ్ళు ఉన్నచోటికి వెళ్ళగలదా అన్నది వాళ్ళ ప్రశ్న. రెండూ చేయగలదని తేలింది. ఒక శాస్త్రవేత్త సాయం చేశాడు, కానీ రిపోర్టు పిల్లల మాటల్లోనే ఉంది. బొమ్మలు రంగు పెన్సిళ్ళతో గీశారు. దాన్ని లండన్ రాయల్ సొసైటీ వారి బయాలజీ లెటర్స్ పత్రిక 2010 డిసెంబరులో ప్రచురించింది. మనకంటే చిన్నవాళ్ళు, మన పెన్సిళ్ళలాంటి పెన్సిళ్ళే!

రెండోది అమెరికాలో ఎమిలీ రోజా అనే అమ్మాయి. ఒంటికి తగలకుండా చేతులు పైన తిప్పి, మనిషిలోని శక్తిని పసిగట్టి రోగం తగ్గిస్తాం అనేవాళ్ళు అక్కడ ఉన్నారు. ఎమిలీకి అప్పుడు తొమ్మిదేళ్ళు. బడి సైన్సు ప్రదర్శన కోసం ఒక అట్టతెర కట్టింది. అలాంటి వైద్యం చేసే 21 మందిని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, తెర కన్నాల్లోంచి రెండు చేతులూ అవతలికి పెట్టమంది. బొమ్మా బొరుసూ వేసి, ఏ పక్క పడితే ఆ పక్క చేతిపైన తన చెయ్యి ఉంచింది. "నా చెయ్యి మీ ఏ చేతికి దగ్గరగా ఉంది?" అని అడిగింది. మొత్తం 280 సార్లు అడిగితే 123 సార్లు సరిగ్గా చెప్పారు. అంటే నూటికి 44. కళ్ళు మూసుకుని ఏదో ఒకటి చెప్పినా నూటికి 50 వస్తుంది కదా! ఈ రిపోర్టు 1998లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. ఖర్చు ఏముంది? ఒక అట్ట, ఒక నాణెం, 280 గీతలు. కానీ ఎన్నిసార్లు చేసిందో, ఎన్నిసార్లు ఏమైందో దాచకుండా రాసింది. అందుకే పెద్దవాళ్ళు కూడా పట్టించుకోవలసి వచ్చింది.

మన దేశం సంగతి కూడా చెప్పాలి. ఏటా ఫిబ్రవరి 28న సైన్సు దినోత్సవం జరుపుతాం. 1987 నుంచి దేశమంతా జరుపుతోంది. ఉపన్యాసాలు చెప్తాం, రామన్ గారి ఫోటోకి దండ వేస్తాం. కానీ ఆయన ఆ తర్వాత చేసిన పని ఎవరూ చెప్పరు. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో ఆయన చూసిన సంగతి, మార్చి 31 నాటి నేచర్ పత్రికలో అచ్చయిపోయింది. అదే ఫిబ్రవరిలో మాస్కోలో లాండ్స్‌బెర్గ్, మాండెల్‌స్టామ్ అనే ఇద్దరు స్ఫటికాల్లో అదే విషయం చూశారు. వాళ్ళ వ్యాసం అచ్చయ్యేసరికి జూలై వచ్చింది. 1930లో నోబెల్ బహుమతి రామన్ గారికి వచ్చింది, వాళ్ళకి రాలేదు. చూడడం ఎంత ముఖ్యమో, చూసింది రాసి పదిమందికి పంపడం అంత ముఖ్యం. కాబట్టి ఫిబ్రవరి 28న ఉపన్యాసాలు రెండు తగ్గించి రిపోర్టులు రెండు పెట్టినా రామన్ గారు సంతోషిస్తారు.

ఇక ఇంటర్నెట్టు ఎందుకు, గోడ చాలదా అంటే, గోడని మనం మాత్రమే చూస్తాం. మనందరం ఒకే ఎత్తులో ఉన్నాం, ఒకే వాన తడుస్తాం. మనకి 97, భద్రాచలం పిల్లలకి దాదాపు 100, ఇంకో కొండమీది బడికి ఇంకోటి వస్తే, అవన్నీ ఒకచోట పెట్టి గ్రాఫు గీస్తే, పుస్తకంలోని పాఠం మన చేతుల్లోనే తయారవుతుంది. ఏ ఒక్క బడీ ఒంటరిగా ఆ గ్రాఫు గీయలేదు. ఇలాంటి పని ప్రపంచంలో కొత్త కాదు. గ్లోబ్ అనే కార్యక్రమంలో 1995 నుంచి చాలా దేశాల బడిపిల్లలు ఉష్ణోగ్రత, వాన, నేల వివరాలు కొలిచి ఇంటర్నెట్టులో పెడుతున్నారు. మన దేశంలోనే సీజన్‌వాచ్ అని ఉంది. అందులో పిల్లలూ పెద్దలూ ఒక చెట్టుని పెట్టుకుని, అది ఎప్పుడు చిగురించింది, ఎప్పుడు పూసింది, ఎప్పుడు కాసింది అని వారం వారం చూసి రాస్తారు. చెట్ల విషయంలో మనకంటే బాగా రాయగలిగేవాళ్ళు ఎవరు?

ఇప్పుడు అభ్యంతరాలు. నేను కొందర్ని అడిగాను, వాళ్ళు చెప్పినవే రాస్తున్నాను.

"తప్పు రాస్తే బడి పరువు పోతుంది." నాకు అలా అనిపించదు. తప్పుని దాస్తే పరువు పోతుంది గానీ, "మాకు ఇలా వచ్చింది, ఎందుకో తెలీలేదు, మీకేమైనా తెలుసా?" అని అడిగితే పోదు. ఎమిలీని ఎవరూ నవ్వలేదు కదా!

"పెడితే మిగతావాళ్ళు కాపీ కొడతారు." కొట్టనీండి. తారీకు, టైము, ఊరి ఎత్తు, పది రీడింగులు రాసిన రిపోర్టుని కాపీ కొట్టాలంటే మన కొండని కూడా కాపీ కొట్టుకుపోవాలి! కాపీకి పనికొచ్చేది ఆఖరి అంకె ఒక్కటే ఉన్న రికార్డు. అది ఇప్పుడే జరుగుతోంది.

"ఇంగ్లీషులో రాయాలి కదా, మనకి రాదు." తెలుగులో రాద్దాం. తెలుగు కూడా మనలో చాలామందికి బడికొచ్చాకే నేర్చుకున్న భాష. ఇంట్లో కొందరం కువి, కొందరం ఆదివాసీ ఒరియా మాట్లాడతాం. చెట్టు పేరో, పురుగు పేరో, మట్టి పేరో రాసేటప్పుడు ఇంటి పేరు కూడా పక్కన రాద్దాం. అది వేరే ఏ పుస్తకంలోనూ దొరక్కపోవచ్చు.

"మందుమొక్కల రహస్యాలు బయటికి పోతాయి." ఇది మాత్రం సరైన భయమే, దీన్ని నవ్వెయ్యకూడదు. పసుపు సంగతి వినండి. గాయాలు మాన్పడానికి పసుపు వాడటం మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చేశారు. మన అమ్మమ్మలందరికీ తెలిసిన సంగతి మీద! మన దేశపు సి.ఎస్.ఐ.ఆర్. సంస్థ, ఇది పాతకాలం నుంచి మాకు తెలిసిందేనని పాత పుస్తకాల్లోని రాతలు చూపిస్తే 1997లో దాన్ని రద్దు చేశారు. అక్కడ గెలిపించింది రాత. అందుకని రాయడం మంచిదే. కానీ ఊళ్ళో పెద్దవాళ్ళకి మాత్రమే తెలిసిన మందు సంగతి వాళ్ళని అడక్కుండా పెట్టే హక్కు మనకి లేదు. వాళ్ళు వద్దంటే అది ఇంటర్నెట్టులోకే కాదు, గోడ మీదికి కూడా రాకూడదు. పసుపు కాగితం సబ్బునీళ్ళకి ఎర్రబడుతుంది లాంటివి అందరివీ. అవి చాలు మనకి.

ఇక వార్డెన్ సార్‌కీ, మాస్టారికీ నా విన్నపాలు. ఇవి ఖర్చు లేనివే.

1. ప్రతి సంచికలో ఒక రిపోర్టుకి చోటు ఇవ్వాలి. దాని కింద ఒక తెల్లకాగితం అంటించాలి. అనుమానాలు ఉన్నవాళ్ళు అందులో రాస్తారు, చేసినవాళ్ళు జవాబు రాస్తారు.

2. జవాబు పుస్తకంతో కలిసిందా అని కాకుండా, రీడింగులన్నీ రాశారా, ఎలా చేశారో అర్థమవుతోందా అని చూసి మార్కులు వేయాలి. 97 రాసినవాడికి మార్కు తగ్గి, 100 రాసినవాడికి ఎక్కితే, ఈ వ్యాసమంతా వృథా. అన్నిటికంటే ముఖ్యమైన విన్నపం ఇదే.

3. ఆదివారం ఒక గంట కంప్యూటర్ గది తెరిపించి, మాస్టారు పక్కన ఉండగా, చేత్తో రాసిన కాగితాన్నే ఫోటో తీసి పెట్టాలి. మళ్ళీ టైపు చేసే పని వద్దు.

4. పిల్లల ఫోటోలు, పూర్తి పేర్లు, ఊళ్ళు పెట్టకూడదు. "తొమ్మిదో తరగతి, మూడో జట్టు" అంటే చాలు. మన అంకెలు బయటికి వెళితే చాలు, మనం వెళ్ళక్కర్లేదు.

5. పాత రిపోర్టులని కాటాకి వేయకుండా లైబ్రరీలో దాచాలి. వచ్చే ఏడాది తమ్ముళ్ళు అదే ఊట నీళ్ళ వేడి కొలిచి, మన అంకెతో పోల్చుకోవాలి.

మిత్రులారా, మీకూ ఒక మాట. ఏం ప్రయోగం చేయాలి అని అడగొద్దు. పది రాజ్మా గింజలు రాత్రంతా నానబెట్టి, పది గింజలు నానబెట్టకుండా నాటి, ఎన్నో రోజుకి ఎన్ని మొలిచాయో రాయండి. నిటారుగా ఉన్న సీసా పైభాగం కోసి వానలో పెట్టి, రోజూ ఎన్ని మిల్లీమీటర్లు నిలిచిందో కొలవండి. చోళ్ళ పొలంలో మట్టినీ, కాఫీ తోటలో మట్టినీ నీళ్ళలో కలిపి లిట్మస్ ముంచండి. ఏమీ మారకపోతే "ఏమీ మారలేదు" అని రాయండి. అది కూడా ఫలితమే, సిగ్గుపడక్కర్లేదు.

వచ్చే సంచికకి ఇంకా మూడు వారాలు టైముంది. థర్మామీటర్ లాబ్‌లో ఉంది, మంచుముక్కలు వంటగది ఫ్రిజ్‌లో ఉంటాయి. మొదటి రిపోర్టు ఎవరు పెడతారు?

– పదో తరగతి విద్యార్థిని